పాపకి అయిదో నెల. ఆల్బమ్ ఇప్పుడే మొదలుపెట్టాలా, ఏడాది ఆగాలా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్ళకి కూడా తెలుస్తుంది. మీకు పాప పుట్టి అయిదో నెల నడుస్తోంది. తొమ్మిదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు, పెళ్ళికి ముందు లలిత సంగీతం పాడేవారు. తల్లి అయిన ఈ మొదటి ఏడాది మీద ఆరు పాటల ఆల్బమ్ చేయాలని ఉంది. కానీ గొంతు మునుపటిలా లేదు, తార షడ్జం, అంటే పై స్థాయి స దగ్గరే అలసిపోతోంది. స్టూడియోకి వెళ్ళే వీలు లేదు. పాప ఏడుపు, నవ్వు పాటల్లో వినిపించాలని ఆశ. అత్తగారేమో "ఇంకా పచ్చి బాలింతవి, ఏడాది దాటనీ" అంటున్నారు. ఆగాలా, మొదలుపెట్టాలా అని అడిగారు.

నేను పాడతాను, పాటలకి వరసలు కడతాను, పదిహేనేళ్ళుగా ఇంట్లోనే చిన్న గదిలో వేరేవాళ్ళ పాటలు రికార్డు చేసి మిక్స్ చేస్తున్నాను. మా అమ్మాయి పుట్టినప్పుడు రాజమండ్రిలో అమ్మ వాళ్ళింట్లో మొదలుపెట్టిన ఆల్బమ్ పూర్తయ్యేసరికి రెండున్నరేళ్ళు పట్టింది. తరువాత నలుగురు తల్లులకి ఇలాంటి ఆల్బమ్‌ల్లో సాయం చేశాను. అందుకే కాస్త పొడవుగా రాస్తున్నాను.

ఇవాళే మొదలుపెట్టండి. కానీ చివరికి ఆల్బమ్‌లో ఉండే గాత్రాన్ని మాత్రం ఇప్పుడు రికార్డు చేయకండి. పాటలకి సరుకు పోగు చేయడం ఒక పని, వాటిని పాడి రికార్డు చేయడం ఇంకో పని. మొదటిది ఇప్పుడు తప్ప ఎప్పుడూ కుదరదు. రెండోదానికి తొందర లేదు. నేను ఈ రెండింటినీ ఒకటే అనుకుని ఏడు నెలలు పోగొట్టుకున్నాను.

సరుకు అంటే ఏమిటో చెబుతాను. రాత్రి మూడింటికి పాలిస్తూ మీకు తెలియకుండానే ఏదో కూనిరాగం తీస్తుంటారు. దానికి మాటలుండవు, తాళం ఉండదు. పొద్దున్నకి అది గుర్తుంటుందని అనుకుంటాం. ఉండదు. నిద్ర లేని ఆ రోజుల్లో నిన్న తిన్న కూరే గుర్తుండదు, ఇంక రాగం ఎక్కడ గుర్తుంటుంది? మా అమ్మాయి నాలుగో నెలలో ఒక రాత్రి నాకు ఒక పల్లవి వచ్చింది. రెండు పాదాలు, చాలా సహజంగా వచ్చాయి. రేపు రాసుకుందామని పడుకున్నాను. ఆ పల్లవి నాకు మళ్ళీ దొరకలేదు. దాని చోట తరువాత కూర్చుని కట్టిన పల్లవి శాస్త్రప్రకారం బాగానే ఉంది, కానీ ఆ రాత్రి వచ్చినది అది కాదని నాకు తెలుసు.

కాబట్టి ఫోన్‌లో రికార్డర్ ఒక్క నొక్కుతో తెరుచుకునేలా ముందు తెరమీదే పెట్టుకోండి. ఒంటిచేత్తో, చీకట్లో, పాపని లేపకుండా నొక్కగలగాలి. రికార్డింగ్ చివర మీరే మెల్లగా తేదీ, పాప వయసు, అప్పుడు ఏం జరుగుతోందో చెప్పండి. "నాలుగు నెలల పది రోజులు, పాలు తాగుతూ నిద్రపోయింది, బయట వాన" అంటే చాలు. ఆరు నెలల తరువాత వందకి పైగా ముక్కలు ఉంటాయి, ఈ ఒక్క వాక్యం లేకపోతే ఏది ఏమిటో తెలియదు. వారానికి ఒకసారి వాటిని ఇంకో రెండు చోట్ల కాపీ చేయండి. నా ఫోన్ ఒకసారి పాడై అయిదు వారాల రికార్డింగ్‌లు మొత్తం పోయాయి. వాటిలో మా అమ్మాయి మొదటిసారి గట్టిగా నవ్విన శబ్దం కూడా ఉంది.

మాటలు కూడా పోగు చేయండి. మీ మాటలే కాదు, ఇతరులు మీతో అన్నవి కూడా. "పాలు చాలుతున్నాయా?" అని ఎంతమంది అడిగి ఉంటారో ఒకసారి లెక్కపెట్టండి. పురిటికి వచ్చినవాళ్ళు, ఫోన్ చేసినవాళ్ళు, పక్కింటివాళ్ళు, అందరిదీ అదే ప్రశ్న. నేను అలాంటి మాటలు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను, తరువాత అవే ఒక పాటకి చరణాలయ్యాయి. అమెరికా గాయని లారిన్ హిల్ 1998లో తెచ్చిన తొలి సోలో ఆల్బమ్‌లో తన మొదటి బిడ్డ మీద ఒక పాట ఉంది. బిడ్డ కంటే కెరీర్ చూసుకో అని చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పిన మాటలే ఆ పాటకి ఆధారం. బిడ్డ ముద్దుగా ఉందని మాత్రమే రాసి ఉంటే ఆ పాటకి అంత బలం వచ్చేది కాదు.

ఎప్పుడు విడుదల చేయాలన్న దానికి నియమం లేదు. అమెరికా పాప్ గాయని మడోనాకి మొదటి కూతురు 1996 అక్టోబరులో పుట్టింది, ఆ అనుభవం నిండుగా ఉన్న 'రే ఆఫ్ లైట్' 1998 మొదట్లోనే వచ్చింది. ఇంగ్లండ్ గాయని కేట్ బుష్‌కి కొడుకు 1998లో పుట్టాడు, ఆ పిల్లవాడి మీద పాట ఉన్న 'ఏరియల్' 2005 నవంబరులో గాని రాలేదు. దానికి ముందు ఆల్బమ్ 1993ది. రెండూ మంచి ఆల్బమ్‌లే. మడోనాకి ఉన్నంత మంది సహాయకులు మనకి లేరు కాబట్టి, మనం రెండో దారికే దగ్గరగా ఉంటామని అనుకోండి. అది ఆలస్యం కాదు.

ఇక పాటల నడక. చాలామంది పొరబడేది ఇక్కడే కాబట్టి కొంచెం ఎక్కువసేపు దీనిమీద ఉంటాను. జోలపాట అనగానే మెట్రోనోమ్‌ని, అంటే తాళం వేగం చూపే యంత్రాన్ని, బాగా కిందికి దించేసి, నిద్ర వస్తున్నట్టు పాడేస్తారు. అది పెద్దవాళ్ళు ఊహించుకున్న నిద్ర. మీ ఇంట్లో చీర ఉయ్యాల ఉంటే ఒక పని చేయండి. పాప అందులో ఉన్నప్పుడు మెల్లగా ఊపి, ఉయ్యాల అటు వెళ్ళి మళ్ళీ ఇటు వచ్చేదాన్ని ఒక ఊపుగా లెక్కపెట్టి, పది ఊపులకి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌లో చూడండి. మా అమ్మ వాళ్ళింట్లో దూలానికి కట్టిన ఉయ్యాల దాదాపు రెండు మీటర్ల పొడవు. పది ఊపులకి 28 సెకన్లు పట్టింది. అంటే ఒక్కో ఊపుకి 2.8 సెకన్లు. దాన్ని నాలుగు దెబ్బలుగా విడదీస్తే నిమిషానికి 86 దాకా వస్తుంది. అటు మూడు, ఇటు మూడుగా తిశ్రంలో విడదీస్తే అక్షరాల వేగం నిమిషానికి 128 దాకా వస్తుంది. మెట్రోనోమ్ మీద 128 చూస్తే పరుగులా అనిపిస్తుంది గానీ, ఉయ్యాల పక్కన నిలబడి పాడితే అంత హాయిగా ఇంకేదీ ఉండదు.

ఇందులో ఇంకో మంచి విషయం ఉంది. ఉయ్యాల ఊపుకి పట్టే సమయం తాడు పొడవుని బట్టి ఉంటుంది గానీ పాప బరువుని బట్టి ఉండదు. మూడో నెలలోనూ పదో నెలలోనూ ఆ ఉయ్యాల అదే కాలంలో ఊగుతుంది. కాస్త గట్టిగా ఊపినా, మెల్లగా ఊపినా పెద్ద తేడా రాదు. కాబట్టి మీ ఇంటి ఉయ్యాలకి మీ ఇంటి తాళం ఉంది, అది మీ ఆల్బమ్‌కి వెన్నెముక అవుతుంది. వేరే నడక కూడా ఒకటి కావాలంటే పాపని భుజాన వేసుకుని నడవండి. ఎత్తుకుని నడిస్తే పసిపిల్లల ఏడుపూ, గుండె వేగమూ తగ్గుతాయని 2013లో జపాన్ పరిశోధకులు కొలిచి చూపించారు. మన అమ్మమ్మలకి అది ఎవరూ చెప్పనక్కర్లేదు. మీరు హాల్లో అటూ ఇటూ నడుస్తున్నప్పుడు అడుగులు నిమిషానికి ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టుకుంటే రెండో పాట వేగం దొరుకుతుంది. ఉయ్యాలది ఒక నడక, భుజందొక నడక, ఒళ్ళో జోకొట్టే చేతిది ఇంకో నడక. ఆరు పాటలకి ఈ మూడూ సరిపోతాయి.

గొంతు సంగతికి వద్దాం. తార షడ్జం దగ్గర అలసట మీ సాధన లోపం కాదు. తొమ్మిది నెలలు సాగి ఉన్న పొట్ట కండరాలు ఇంకా పట్టు తెచ్చుకోలేదు, ఊపిరికి దన్ను ఇచ్చేవి అవే. పాలిచ్చే రోజుల్లో గొంతు కూడా త్వరగా ఆరిపోతుంది. దానికి తోడు నిద్ర లేదు. ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ఒక విషయం చెప్పారు. కాన్పు తరువాత తల్లుల మాట్లాడే గొంతు స్థాయి సగటున ఒక అర స్వరం కంటే కాస్త ఎక్కువే కిందికి దిగిందట, సుమారు ఏడాది తరువాత మళ్ళీ మునుపటి స్థాయికి చేరిందట. అది మాట్లాడే గొంతు మీద చేసిన పరిశోధన, పాడే గొంతుకి అచ్చంగా వర్తిస్తుందని చెప్పను. కానీ నాకూ, నేను సాయం చేసినవాళ్ళకీ అనుభవం అలాగే ఉంది. అంటే, ఏడాది దాటనీ అన్న మీ అత్తగారి మాటలో సగం పూర్తిగా నిజం.

అప్పటిదాకా శృతి తగ్గించుకోండి. మునుపు అయిదున్నర శృతిలో పాడేవారైతే అయిదుకి దిగండి, అవసరమైతే నాలుగున్నరకి కూడా. అది ఓటమి కాదు. ఆపరేషన్ అయి ఉంటే డాక్టర్ సరేనన్నాకే ఊపిరి సాధన మొదలుపెట్టండి. పాడేటప్పుడు కుట్ల మీద చిన్న దిండు ఆనించి పట్టుకుంటే భయం తగ్గుతుంది. రోజుకి పది నిమిషాలు మంద్రస్థాయిలో, నోరు మూసి హుంకారంతో మొదలుపెట్టండి. వరుసగా అరగంట పాడొద్దు. పాపకి పాలిచ్చి, మీరు ఒక గ్లాసు నీళ్ళు తాగిన తరువాత వచ్చే ఇరవై నిమిషాలే మీ గొంతుకి మంచి సమయం.

రాగాల విషయంలో మీ చదువు మీకు బాగా ఉపయోగపడుతుంది. నిద్ర అనగానే అందరూ నీలాంబరి అంటారు. ఒక పాటకి అది సరే, ఆరింటికీ అదైతే వినేవాళ్ళకి విసుగు. నవరోజు తీసుకోండి. మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం దాకానే దాని సంచారం. దాన్ని మధ్యమ శృతిలో, అంటే మీ మధ్యమాన్ని షడ్జంగా పెట్టుకుని పాడితే, మొత్తం పాట మీ మామూలు షడ్జానికీ తార షడ్జానికీ మధ్యలో పడుతుంది. తార షడ్జం కూడా ఎప్పుడో ఒకసారి తాకుతారు, అంతే. కురంజి కూడా ఇలాంటిదే, మంద్ర నిషాదం నుంచి మధ్య ధైవతం దాకా. దాన్ని మాత్రం మధ్యమ శృతిలో పెడితే తార రిషభం దాకా వెళ్ళాల్సి వస్తుంది, ఇప్పుడు మీకు కష్టం, మామూలు శృతిలోనే పాడుకోండి. పెద్దవాళ్ళు లాలిపాటలకి ఈ పొట్టి రాగాలని ఎందుకు ఎంచుకున్నారో నాకు పాఠం చెప్పినప్పుడు తెలియలేదు, ఒళ్ళో బిడ్డని పెట్టుకుని అర్ధరాత్రి పాడినప్పుడు తెలిసింది. పై స్థాయికి వెళితే బిడ్డ లేస్తుంది.

ఇంట్లో రికార్డింగ్ గురించి మీరు పడుతున్న టెన్షన్ అంత అవసరం లేదు. మంచి గదిలో వాడే కండెన్సర్ మైకు కొనొద్దు, అది వీధి చివర ఆటో హారన్ని కూడా పట్టుకుంటుంది. మామూలు గదిలో డైనమిక్ మైకే మేలు. నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి వంచి పెట్టుకుంటే ప, బ, భ అక్షరాల దగ్గర గాలి తగలదు. బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, చీరల వైపు తిరిగి పాడండి. వెనక దండెం మీద రెండు బొంతలు ఆరేస్తే గోడల ప్రతిధ్వని చాలావరకు తగ్గిపోతుంది. తంబూర ఒక చెవిలో హెడ్‌ఫోన్‌తో వినండి, రెండో చెవి ఖాళీగా ఉంచండి, పాప లేస్తే తెలియాలి కదా. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. గట్టిగా పాడినచోట మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. తక్కువగా వచ్చిందని కంగారు పడొద్దు, తరువాత పెంచుకోవచ్చు. సౌండ్ ఎక్కువై పగిలిన రికార్డింగ్‌ని మాత్రం బాగుచేయలేం.

ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ కూడా ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళమో, ఇంటి తాళమో అందులో పెట్టండి. తాళం కోసం ఫ్రిజ్ తెరుస్తారు, ఆన్ చేయడం గుర్తొస్తుంది. పాప కోసం పిండి దాచిన మీ పాలు అందులో ఉంటే ఆ రోజు ఫ్రిజ్ జోలికి పోకండి, రికార్డింగ్ వాయిదా వేయండి.

ఒక్కో పాటని మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి పాడాలని పట్టుబట్టకండి. పల్లవి ఒకరోజు, చరణం ఇంకోరోజు పాడినా ఫర్వాలేదు, కానీ రెండుసార్లూ మైకు దూరం, కూర్చున్న చోటు, పాడిన వేళ ఒకటే ఉండాలి. పొద్దున గొంతు వేరు, సాయంత్రం గొంతు వేరు, అతికితే తెలిసిపోతుంది.

పాప ఏడుపు గురించి. మీరు ఆశగా అడిగారు కాబట్టి నాకు జరిగింది చెబుతాను. నేను కూడా నా మొదటి పాట ఏడుపుతో మొదలవ్వాలనుకున్నాను. మా అమ్మాయి ఏడుపు పన్నెండు సెకన్లు మంచిగా రికార్డయింది. ఎడిట్ చేయడానికి కూర్చుని దాన్ని ఇరవైసార్లు వెనక్కి ముందుకి తిప్పి విన్నాను. అయిదు నిమిషాలకే పాలు వచ్చేసి జాకెట్టు మొత్తం తడిసిపోయింది, గుండె దడదడలాడింది. పాప పక్కగదిలో హాయిగా నిద్రపోతోంది. ఏడుపు వింటే పాలు పడటం మన చేతుల్లో లేనిది, ఒళ్ళు దానంతట అదే చేసే పని. అప్పుడు ఆలోచించాను, ఈ ఆల్బమ్ వినేది ఎవరు? నాలాంటి తల్లులే. బస్సులో, ఆఫీసులో, బిడ్డకి దూరంగా ఉండి వింటుంటే వాళ్ళకి ఎలా ఉంటుంది? బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళు వింటే? ఏడుపు తీసేశాను.

దాని బదులు ఏడుపు ఆగిన తరువాతి శబ్దాలు పెట్టాను. ఏడ్చి ఏడ్చి సద్దుమణిగాక వచ్చే వెక్కిళ్ళు, ఆ రెండు మూడు విడివిడి శ్వాసలు, పాలు తాగేటప్పుడు గుటక, నిద్రలో పెదవులు కదిలే చప్పుడు. ఆ గుటకల లయ చాలా క్రమంగా ఉంటుంది, ఒక పాటకి దానిమీదే మృదంగం వేయించాను. అమెరికా గాయకుడు స్టీవీ వండర్ కూతురు పుట్టిన సంతోషంలో చేసి 1976లో విడుదల చేసిన పాటలో కూడా పాప శబ్దాలు ఉన్నాయి. కడుపులో ఉన్నప్పటి గుండె చప్పుడు స్కానింగ్‌లో రికార్డు చేసుకుని ఉంటే అదీ వాడుకోవచ్చు. కానీ దాన్ని తాళంగా వాడొద్దు. అది నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకుంటుంది, జోలపాట కింద పెడితే గుర్రం దౌడులా వినిపిస్తుంది. పాట మొదట్లో ఒంటరిగా వినిపించి, మెల్లగా తగ్గించేయండి.

సాహిత్యంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటుంది. మన సంప్రదాయ లాలిపాటల్లో బిడ్డ రాముడు, కృష్ణుడు, అచ్యుతుడు. అవి ఎంతో అందమైనవి, నేనూ పాడుతూనే పెరిగాను. కానీ వాటిలో తల్లి చాలావరకు కనిపించదు. ఊపే చేయి ఉంటుంది, ఆ చేయి నొప్పి ఉండదు. జానపదుల పాటల్లో మాత్రం తల్లి మాట్లాడుతుంది. పొలం పని గురించి, రాని మొగుడి గురించి, ఏడిస్తే నేను చూడలేను అని. బతుకమ్మ పాటలు చూడండి, పెద్దాడవాళ్ళు చప్పట్లు చరుస్తూ పాడుకునే వాటిలో చాలావాటికి పాదం పాదానికీ చివర ఉయ్యాలో అనే ఉంటుంది. ఉయ్యాల మాట పట్టుకుని ఊరి కథంతా చెప్పుకున్నారు. మీరూ అలాగే చేయండి. లాలి, జోజో, ళుళుళు హాయి, తొట్టెల, ఇవన్నీ మీ పాటలో ఉండనివ్వండి, వాటి చుట్టూ మాత్రం మీ మాట ఉండాలి. ఆరు పాటల్లో కనీసం రెండు పాటలు బిడ్డ కోసం కాకుండా మీ కోసం, ఒకటి మీ అమ్మ కోసం రాయండి. ఏం రాయాలో తోచకపోతే పాపకి ఒక ఉత్తరం రాయండి, పద్యంలా కాదు, మామూలుగా. నేను సాయం చేసిన ఒక అమ్మాయి ఉత్తరంలో "నిన్ను చూడగానే ప్రేమ రాలేదు, పదకొండో రోజు వచ్చింది" అని రాసింది. రాశాక కొట్టేయబోయింది. ఆమె ఆల్బమ్‌లో అందరూ మళ్ళీ మళ్ళీ వినే పాట ఆ వాక్యంతోనే మొదలవుతుంది.

ఇక్కడే ఒక మాట. కాన్పయిన కొత్తలో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకుండా దిగులు అలాగే ఉంటే, బిడ్డ దగ్గరికి వెళ్ళాలనిపించకపోతే, భయంకరమైన ఆలోచనలు వస్తుంటే, పాట రాసుకుని ఊరుకోకండి. డాక్టర్ని కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. నేను రాయడం వల్ల తేలికపడ్డాను, కానీ నన్ను నిలబెట్టింది రాయడం కాదు, వైద్యం.

మిక్స్ చేసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ పాటలు పెద్ద స్పీకర్లలో ఎవరూ వినరు. మంచం పక్కన ఫోన్‌లో, సగం కంటే తక్కువ వాల్యూమ్‌లో వింటారు. ఫోన్ స్పీకర్లో తంబూర మంద్రం, మృదంగం తొప్పి, అంటే దాని మంద్రంగా మోగే వైపు, దాదాపు వినిపించవు. మీ మిక్స్‌ని రాత్రి చీకట్లో ఫోన్ దిండు పక్కన పెట్టి విని చూడండి. గాత్రం, తాళం రెండూ తెలుస్తుంటే చాలు. హఠాత్తుగా పైకి లేచే వేణువు, చివర్లో ముక్తాయింపు, రెండు పాటల మధ్య ఉలిక్కిపడే మొదలు, ఇవేవీ వద్దు. గాత్రానికి ప్రతిధ్వని ఎక్కువ పెట్టొద్దు. తల్లి గొంతు బిడ్డ చెవికి జానెడు దూరంలో ఉంటుంది, గుడి మండపంలో ఉండదు. ఆల్బమ్ సౌండ్ పెంచాలని ఇంజినీరు అంటే వద్దనండి. స్పాటిఫై అన్ని పాటలనీ మైనస్ 14 లఫ్స్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెస్తుంది, దానికంటే గట్టిగా చేస్తే తగ్గించేస్తుంది.

హక్కుల సంగతి చిన్నదే కానీ ముఖ్యం. అన్నమాచార్యులు 1503లో కన్నుమూశారు, ఆయన సాహిత్యం ఎవరైనా వాడుకోవచ్చు. కానీ మనం ఇవాళ పాడుతున్న వరసల్లో చాలావాటిని 20వ శతాబ్దంలో విద్వాంసులు కట్టారు. మన దేశంలో సంగీత రచనకి హక్కు స్వరకర్త పోయిన తరువాత 60 ఏళ్ళు ఉంటుంది. ఉదాహరణకి అన్నమయ్య కీర్తనలకి వరసలు కట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో పోయారు, లెక్క వేసుకోండి. కీర్తన కావాలంటే సాహిత్యం తీసుకుని వరస మీరే కట్టుకోండి, మీకు ఆ చదువు ఉంది. వాద్యం వాయించేవాళ్ళతో డబ్బు, పేరు ఎలా అన్నది ముందే కాగితం మీద రాసుకోండి, స్నేహితులైనా సరే. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు ఇది పిల్లల కోసం చేసిన వీడియోనా అని అడుగుతుంది. అవునంటే కామెంట్లు మూసేస్తుంది. పిల్లల కోసమే చేసిన జోలపాటకి నిజం చెప్పాల్సిందే. తల్లుల కోసం రాసిన పాటలు వేరు, అవి పెద్దవాళ్ళవే, కాబట్టి వాటిని వేరే వీడియోలుగా పెట్టండి. నాకు వచ్చిన ఉత్తరాల్లాంటి కామెంట్లన్నీ ఆ పాటల కిందే ఉన్నాయి.

మీ అత్తగారి గురించి చివరగా రాస్తానని ఆపుకున్నాను. ఆవిడకి ఎదురు చెప్పి గెలవాల్సిన అవసరం మీకు లేదు. ఏడాది దాకా గాత్రం రికార్డు చేయనని ఆవిడతో నిజాయితీగానే చెప్పండి, ఎందుకంటే చేయరు. ఆ ఏడాదిలో ఆవిడనే ఒక పాట అడగండి. మీ ఆయన్ని పెంచినప్పుడు ఆవిడ పాడిన పాట ఒకటి తప్పకుండా ఉంటుంది. మైకు పెట్టి పాడమంటే "నాకేం వచ్చు" అని సిగ్గుపడతారు, లేదా రేడియోలో విన్న పాట పాడతారు. అలా అడగొద్దు. ఒక మధ్యాహ్నం పాపకి నిద్రమత్తుగా ఉన్నప్పుడు ఆవిడ చేతికిచ్చి మీరు వంటింట్లోకి వెళ్ళిపోండి. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి, ఫోన్ దగ్గర్లో బట్టల మధ్య పెట్టేయండి. అయిదు నిమిషాల్లో ఆవిడ దాన్ని మరిచిపోతారు. మాటలు తప్పుగా ఉన్నా, శృతి కదిలినా ఆపొద్దు, సరిదిద్దొద్దు. మా అమ్మమ్మ పాట నా దగ్గర నలభై సెకన్లే ఉంది. మధ్యలో ఎవరో ఫోన్ చేశారు, రికార్డింగ్ ఆగిపోయింది. మళ్ళీ పాడమంటే పాడింది గానీ అదే పాట కాదు. కాబట్టి ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాకే రికార్డర్ నొక్కండి.